నొప్పి లేని ఎరుపు

నాకు నోరెక్కువ. ఈ మాట మా అత్తగారు అన్నారు, మా స్కూలు హెడ్మాస్టరు గారు అన్నారు, మా ఆయన మాత్రం పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టి నవ్వి ఊరుకున్నారు. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆయన నోట్లో అయితే అది మొలకెత్తి మొక్కయినా బయటపడదు. ఇన్నేళ్లూ అది మా ఇంట్లో నవ్వుకునే సంగతి. ఇప్పుడు ఆ మౌనం తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మేం ఏలూరులో ఉంటాం. నేను దెందులూరు దగ్గరి ఒక ఊళ్లో పిల్లలకు లెక్కలు చెబుతాను. ఆయన కొల్లేరు వైపు చేపల చెరువుల మీద సూపర్‌వైజరు. పొద్దున్నే మోటార్‌సైకిలెక్కితే సాయంత్రం దాకా గట్ల మీదే. మేత సంచులు కట్టించడం, నీళ్లు పెట్టించడం, పట్టుబడి రోజున చేపను ఐసులో సర్దించి లారీ ఎక్కించడం, ఇదీ ఆయన పని. గట్టు మీద పనిచేసే మగవాళ్లకు బాత్రూమంటూ ఒకటి ఉండదు. నాలుగడుగులు దిగి తుంగ పక్కన నిలబడితే సరిపోయింది. అక్కడి మట్టి నల్లగా, ఎప్పుడూ తడిగా ఉంటుంది. దాని మీద ఏ రంగు పడినా కనిపించదు. అందుకే అది మొదట ఎప్పుడు పడిందో ఆయనకూ తెలీదు, ఎవరికీ తెలీదు. మేం చూసింది మాత్రం పోయినేడు ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున, మా ఇంట్లోని తెల్ల కమోడ్‌లో.

మా వైపు చర్చిని కూడా గుడి అనే అంటాం. గుడికి వెళ్లడానికి నేను చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నాను.

"ఏవోయ్, ఒకసారిలా వస్తావా?" అని పిలిచారు బాత్రూమ్‌లోంచి. ఆయన నన్నలా పిలవడమే అరుదు.

వెళ్లి చూశాను. దానిమ్మ గింజలు కడిగిన నీళ్లలా ఉంది.

"రాత్రి మనం బీట్‌రూటేమైనా తిన్నామా?" అన్నారు.

"మనింట్లో బీట్‌రూటు వండి ఏడాదయిందండీ. నొప్పుందా?"

"లేదు."

"మంటా?"

"ఏమీ లేదు. ఎప్పట్లాగే ఉంది."

ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. నొప్పి లేదంటే ప్రమాదమూ లేదనే మా లెక్క. నేను లెక్కల టీచర్నే, ఆ లెక్క నాక్కూడా సరిగ్గానే తోచింది.

మా గోదావరి జిల్లాల్లో ప్రతి జబ్బుకీ ఒకటే పేరు: వేడి చేసింది. కళ్లు మండినా వేడే, నోరు పూసినా వేడే, ముక్కులోంచి రక్తం కారినా వేడే. రోజంతా గట్ల మీద ఎండలో తిరిగే మనిషికి మూత్రం ఎర్రగా వస్తే ఇంక వేరే పేరు ఎవరు వెతుకుతారు? నేను బార్లీ కాచాను. సబ్జా నానబెట్టాను. కొబ్బరిబోండాల వాణ్ణి రోజూ గుమ్మం ముందు ఆపాను. మా వీధి చివర ఆర్‌ఎంపీ గారు నాలుక చూసి, "ఇన్ఫెక్షనండీ, ఎండ దెబ్బకి మామూలే" అని బిళ్లలిచ్చారు. మా గుడి స్త్రీల సమాజంలో ఒక పెద్దావిడ ఉంది, ప్రార్థనలన్నిటికీ ఆవిడే ముందు. ఆవిడ నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, ఆయన తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేసి వెళ్లారు.

ఆ వారం గడవకముందే నీరు తెల్లబడింది. కాకి వాలింది, తాటిపండు పడింది. పండు ఎవరి బరువుకు పడిందో చెప్పమంటే ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెప్పారు. నేను బార్లీ అన్నాను, ఆర్‌ఎంపీ గారు బిళ్లలన్నారు, ఆయన మాత్రం ప్రార్థన అన్నారు. దానంతటదే ఆగి ఉండొచ్చన్న మాట మాలో ఎవరికీ తట్టలేదు.

మా గుళ్లో ఒక ఆచారముంది. మేలు జరిగినవాళ్లు ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు అందరి ముందూ చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటాం. పరీక్ష పాసైన పిల్లలు చెబుతారు, కాన్పు సుఖంగా జరిగిన ఆడవాళ్లు చెబుతారు. మా ఆయన మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా లేవలేదు. అలాంటి మనిషి ఆ ఆదివారం లేచారు. తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కా వేసుకుని, ముందు బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకుని, "నాకు రక్తం పడిందండీ. ప్రభువు ఆపేశాడు. నేను స్వస్థపడ్డాను" అన్నారు. గుడి మొత్తం ఆమేన్ అంది. పెద్దావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ వారమే మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. బూరెలు వండాను. మూగవాడి చేత పాట పాడించినట్టుందని అందరూ ఆయన్ని ఆటపట్టించారు. ఆయన సిగ్గుపడుతూ బూరెలు వడ్డించారు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. మేం అలకనైనా అలకలేదు, పండగ చేసేసుకున్నాం.

ఆ తర్వాత నెలల్లో నేను చూసినవి ఒక్కొక్కటీ చిన్నవే. ఆయన గుడికి తెల్ల ప్యాంటు వేసుకోవడం మానేశారు. మా మగవాళ్లకు ఆదివారమంటే తెల్లబట్టే. ఈయన నల్ల ప్యాంటు, లేకపోతే ముదురు నీలం. "ఏంటండీ, దొరగారు ఫ్యాషన్ మార్చారు?" అంటే, "చెరువు పని చేసేవాడికి తెలుపు ఆగదోయ్" అన్నారు. నిజమే కదా అనుకున్నాను. బాత్రూమ్‌లో నీళ్లు రెండేసి సార్లు వదులుతున్నారు. ప్రసంగం మధ్యలో లేచి బయటికి వెళ్లొస్తున్నారు. నన్ను స్కూలు దగ్గర దింపే రోజున దెందులూరు దాటేలోపు బండి పక్కకు ఆపాల్సి వస్తోంది. "షుగరేమో, పరీక్ష చేయించుకోండి" అన్నాను. చేయించుకుని, లేదన్నారని కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. దాంతో నా నోరు మూతపడింది. ఇంకోటి కూడా ఉంది. నేనెప్పుడో మానేసిన బార్లీని ఆయన తనంతట తాను కాచుకుని సీసాలో పోసుకుని చెరువుకు పట్టుకెళుతున్నారు. అలవాటైపోయిందిలే అని నవ్వారు. నేనూ నవ్వాను.

చలి మొదలయ్యాక తాడేపల్లిగూడెంలో మా వదినగారింటికి వెళ్లాం. ఆయనకు స్వయానా అక్క ఆవిడ. వాళ్ల మనవడికి పేరు పెట్టే రోజు. ఇంటినిండా చుట్టాలు. ఉన్నది ఒకటే బాత్రూమ్. ఆయన లోపలికి వెళ్లి ఎంతకీ రాలేదు. బకెట్‌లోంచి నీళ్లు కుమ్మరిస్తున్న చప్పుడు వస్తోంది, ఆగుతోంది, మళ్లీ వస్తోంది. బయట నేను పసివాణ్ణెత్తుకుని నిలబడి ఉన్నాను. తలుపు తీశాక నా మొహం చూడకుండా పక్కనుంచి వెళ్లిపోయారు. బిడ్డను వదినగారి చేతికిచ్చి నేను లోపలికి వెళ్లాను.

నేలంతా శుభ్రంగా కడిగి ఉంది. తూము జల్లెడ దగ్గర మాత్రం ఒకటి చిక్కుకుని ఉంది. చిన్న కార్జం ముక్కలా ఉంది. ముందు అది ఏమిటో నాకు అర్థం కాలేదు. వంగి చూశాక అర్థమైంది. అది రక్తం గడ్డ.

బయటికొచ్చి చూస్తే ఆయన మగవాళ్ల మధ్య కూర్చుని పాయసం తింటున్నారు. దొంగకు తేలు కుట్టినట్టు అనే మాట నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఆ మొహం ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను. నేను అక్కడే అరవలేదు. నాకు నోరెక్కువ అన్నవాళ్లంతా ఆ పూట నన్ను చూడాల్సింది. ఏలూరు వచ్చేదాకా బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి స్కాన్‌కి తీసుకెళ్లాను. స్కాన్ తీసే అమ్మాయి మొదట్లో చెరువుల గురించి, చేప రేటు గురించి కబుర్లు చెబుతూ ఉంది. ఉన్నట్టుండి మాటలు ఆపేసింది. ఆయన పొట్ట మీద అదే చోట మళ్లీ మళ్లీ ఆ పరికరాన్ని తిప్పింది. "సార్, మూత్రం ఆపుకుని ఇంకొంచెం సేపు కూర్చుంటారా? పెద్ద డాక్టరు గారు కూడా చూస్తారు" అంది. ఆ పిల్ల గొంతులో అంతకుముందు లేని మర్యాద వినిపించింది.

అక్కణ్ణుంచి విజయవాడ. డాక్టరు గారు నెమ్మదస్తుడు. మూత్రసంచిలో కణితి ఉందని, గొట్టంలాంటి కెమెరా లోపలికి పంపి చూసి, గీకి తీసి, పరీక్షకు పంపాలని చెప్పారు. సిగరెట్టు అలవాటుందా అని అడిగారు. గట్ల మీద దోమలకీ చలికీ వయసులో తెగ కాల్చానని, బాప్తిస్మం తీసుకున్నాక మానేశానని ఆయన చెప్పారు. మానేసి మంచి పని చేశారని, అయినా అప్పుడు కాల్చిన దాని దెబ్బ చాలా ఏళ్లు లోపల ఉండిపోతుందని డాక్టరు గారన్నారు. తర్వాత పెన్ను తీసుకుని అడిగారు.

"రక్తం మొదట ఎప్పుడు కనిపించిందండీ?"

"పోయిన నెలండీ" అన్నారు ఆయన.

నాకు ఆగలేదు. "కాదండీ. ఎండాకాలంలో ఒకసారి పడింది. వారంలో ఆగిపోయింది. మళ్లీ ఇప్పుడే."

డాక్టరు గారు నన్ను చూడలేదు. ఆయన్నే చూస్తూ, "మధ్యలో?" అన్నారు.

మా ఆయన తన చెప్పులకేసి చూశారు.

"మధ్యలో కూడా పడిందండీ" అన్నారు చివరికి. "చాలాసార్లు పడింది. సాక్ష్యం చెప్పిన నెలలోనే మొదలైంది."

డాక్టరు గారికి సాక్ష్యం అంటే ఏమిటో తెలియలేదనుకుంటాను. నాకు తెలిసింది. నల్ల ప్యాంట్లు, రెండేసి సార్లు వదిలిన నీళ్లు, సీసాలో బార్లీ, అన్నీ ఒక్కసారిగా వచ్చి నా ముందు నిలబడ్డాయి.

"నొప్పి లేకుండా రక్తం పడటమే ఈ జబ్బుకు మొదటి గుర్తండీ. చాలామందికి మొదట్లో అదొక్కటే గుర్తు" అన్నారు డాక్టరు గారు. "రక్తం పడినవాళ్లందరికీ ఇదే ఉంటుందని కాదు. రాయి కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు. కానీ ఏమిటో తేల్చుకోకుండా ఊరుకోకూడదు. పడుతుంది, ఆగుతుంది. రక్తం ఆగిందని లోపల కణితి ఆగదు."

"ఎంత తొందరగా పెరుగుతుందండీ?" అన్నాను.

"కొన్ని ఏళ్ల తరబడి పైపైనే ఉంటాయి. తీసేస్తే మళ్లీ వస్తాయి, మళ్లీ తీస్తాం. కొన్ని మాత్రం నెలల్లోనే గోడలోకి దిగిపోతాయి. ఏ రకమో పరీక్ష చేస్తేగానీ చెప్పలేను."

కణితి గీకి తీశారు. పరీక్ష కాగితం వచ్చేదాకా ఇంట్లో మేమిద్దరం పరాయివాళ్లలా తిరిగాం. ఆ కాగితం పట్టుకుని మళ్లీ వెళితే, క్యాన్సరేనని, మూత్రసంచి గోడ కండలోకి దిగిపోయిందని చెప్పారు. మా ఆయన తల ఊపి, మామూలుగా చెరువు గురించి మాట్లాడుకున్నట్టే అన్నారు. "అంటే ఇది నీళ్ల మీద తేలే గుర్రపుడెక్క కాదండీ. తుంగ. పైన లాగితే రాదు, గట్టు తవ్వాల్సిందే." డాక్టరు గారు "అవునండీ, తవ్వాల్సిందే" అన్నారు. ముందు మందులెక్కించాలి, తర్వాత మూత్రసంచి మొత్తం తీసేయాలి, పొట్ట పక్కన దారి పెట్టి బయట సంచి తగిలిస్తారు. ప్రాణం మాటేమిటని నేను అడగబోయాను. నోరు రాలేదు.

వరండాలోకి వచ్చాక మాత్రం నోరు వచ్చింది.

"ఎందుకండీ దాచారు? నాతో కూడానా? నేనేం చేశానని?"

ఆయన గోడకానుకుని నిలబడ్డారు. "అందరూ ఆమేన్ అన్నారు కదే" అన్నారు. "మళ్లీ వచ్చిందని ఎలా చెప్పను? నేను అబద్ధమాడానంటారు. లేకపోతే దేవుడే ఆపలేకపోయాడంటారు. నా మూలంగా ఆయన పేరు పోకూడదనుకున్నాను. ఆగినప్పుడల్లా, ఇదే చివరిసారి, ఇంక రాదు అనుకునేవాణ్ణి."

"ఆయన పేరు కాపాడటానికి మీరెవరండీ? అది కూడా చెరువు కాపలా అనుకున్నారా?" అని గట్టిగా అరిచాను. స్ట్రెచరు తోసుకెళుతున్నవాళ్లు తిరిగి చూశారు. నాకు కోపమూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి. ఆయన్ని కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనిపించింది. ఆయన చొక్కా పట్టుకుని నిలబడిపోయాను.

ఆపరేషన్‌కి ముందు మా గుడి పాస్టరు గారు ఇంటికొచ్చారు. మందుల దెబ్బకు మా ఆయన తల మీద జుట్టు లేదు, కనుబొమలు కూడా పలచబడ్డాయి. ఆయన లేచి కూర్చుని, దాచిందంతా మొదటినుంచీ చెప్పారు. శిక్ష కోసం చూస్తున్నవాడిలా తల వంచుకున్నారు. పాస్టరు గారు బైబిలు తెరవలేదు.

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే, నేనే కారులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాణ్ణి కదండీ" అన్నారు.

మా ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఆపరేషన్ జరిగింది. బతికి బయటికొచ్చారు. సంచి మార్చడం నేనూ నేర్చుకున్నాను. కానీ పక్కనున్న గ్రంథులు కొన్ని తీసి పరీక్షకు పంపితే, వాటిలో ఒకదానిలోకి పాకిందని తేలింది. చాప కింద నీరు ఎంతదాకా వెళ్లిందో చాప ఎత్తేదాకా తెలియదు. అప్పట్నుంచీ కొన్ని నెలలకోసారి స్కాను, ప్రతి స్కానుకూ ముందు వారం ఇద్దరికీ అన్నం సహించదు.

ఈ ఎండాకాలం, కాస్త నడవగలిగాక, ఆయన గుడికి వచ్చారు. ఆరాధన మధ్యలో లేచి నిలబడ్డారు. నేను పాటల పుస్తకం మూసేసి ఆయన్నే చూశాను. ఈ మనిషి మళ్లీ ఏం చెబుతారోనని.

"పోయినేడు ఇక్కడే నిలబడి రక్తం ఆగిందని చెప్పానండీ" అన్నారు. "అది నిజమే, ఆగింది. తర్వాత మళ్లీ వచ్చింది. అది మీకు చెప్పలేదు. నా అవమానాన్ని దేవుడి అవమానమనుకున్నాను. మీలో ఎవరికైనా మూత్రంలో ఒక్కసారి ఎర్రగా పడినా, నొప్పి లేకపోయినా, దానంతటదే ఆగిపోయినా, ముందు వెళ్లి చూపించుకోండి. ప్రార్థన బస్సులో చేసుకోవచ్చు."

ఎవరూ ఆమేన్ అనలేదు. ఆయన మెల్లగా కూర్చున్నారు. పాస్టరు గారు పాట ఎత్తుకోవడానికి కొంచెం ఆలస్యమైంది.

ఆరాధన అయ్యాక, చెప్పులు వేసుకునే చోట పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుంది. ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించిన ఆవిడే. నన్ను గోడ వారకు తీసుకెళ్లింది. ఎప్పుడూ మైకు అవసరం లేని గొంతు ఆవిడది. ఆ గొంతు నాకు దగ్గరగా వంగితేగానీ వినిపించలేదు.

"నాక్కూడా అప్పుడప్పుడూ పడతందమ్మా. పోయిన క్రిస్మస్‌కి ముందు నుంచీ. ముట్లుడిగిపోయి ఎన్నేళ్లయిందో, ఈ వయసులో రక్తమని ఎవరితో చెప్పుకోను? ఆగిపోతంది కదా అని ఊరుకున్నాను."

"నొప్పుందా అమ్మా?" అన్నాను. అడుగుతూ ఉండగానే, ఏం జవాబు వస్తుందో తెలిసి భయమేసింది.

"అబ్బే, నొప్పేం లేదు" అంది ఆవిడ, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

మర్నాడు ఆయనకు స్కాన్ ఉంది, మాతో రమ్మని ఆవిడకు చెప్పాను. పొద్దున ఆటోను ముందు ఆవిడ ఇంటికి పోనిమ్మన్నాను. ఆవిడ తెల్లచీర కట్టుకుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, అరుగు మీద అప్పటికే తయారై కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి వచ్చింది గానీ ఆటో ఎక్కకుండా పక్కనే నిలబడిపోయింది. మా ఆయన పొట్ట పక్కన సంచిని ఒక చేత్తో పట్టుకుని, లోపలికి జరిగి ఆవిడకు చోటిచ్చారు.